గ్రీకు దేవుళ్ళ బొమ్మలు: ముఖాల సంగతి తరువాత, ముందు చేతులు చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లల కోసం గ్రీకు దేవతల కథలు తెలుగులో పుస్తకంగా వస్తున్నాయి. పన్నెండు కథలు, కథకొక పెద్ద బొమ్మ, మూడు నెలల గడువు. గడ్డాల దేవుళ్ళందరూ ఒకే అచ్చులో వస్తున్నారని మీ మొదటి బాధ. పాత గ్రీకు బొమ్మల్లోని నగ్నత్వాన్ని, కథల్లోని క్రూరత్వాన్ని పిల్లల పుస్తకంలో ఎలా దాటాలన్నది రెండోది. మన బొమ్మల పద్ధతిలో గీస్తే తప్పా అన్నది మూడోది. నేను ముప్పై ఏళ్ళుగా పిల్లల పత్రికలకు, పుస్తకాలకు బొమ్మలు వేస్తున్నాను. గ్రీకు కథలకు మూడుసార్లు వేశాను. మొదటిసారి ఘోరంగా వేశాను కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

అప్పట్లో ఒక పత్రికకు సముద్రదేవుడు పొసైడన్ కథ వచ్చింది. కండలు తిరిగిన శరీరం, ఎగిరే జుట్టు, చేతిలో త్రిశూలం, వెనుక అలలు. నా దృష్టిలో దివ్యంగా కుదిరింది. పక్కింటి అమ్మాయికి చూపించాను, పదేళ్ళు ఉంటాయి. ఆ పిల్ల కాసేపు బొమ్మనే చూసి, "అంకుల్, ఈ శివుడికి పాము గీయడం మరిచిపోయారు" అంది. బొమ్మ అప్పటికే అచ్చుకు వెళ్ళిపోయింది. ఆ తప్పు ఆ పిల్లది ఎంతమాత్రం కాదు. మూడు మొనల ఆయుధం పట్టుకున్న జుట్టు దేవుడిని తెలుగింటి పిల్ల ఇంకెవరనుకుంటుంది?

మీకూ, ఆనాటి గ్రీకు చిత్రకారుడికీ తేడా ఇక్కడే ఉంది. ఏథెన్స్‌లో కుండల మీద బొమ్మలు వేసినవాడికి తన చూపరులందరికీ కథ ముందే తెలుసు. మనం వినాయకుడిని గీస్తే కింద పేరు రాయనక్కర్లేదు కదా, అలాగన్నమాట. అయినా వాళ్ళలో చాలామంది బొమ్మ పక్కన పేర్లు రాసేవారు. ఇటలీలోని ఫ్లోరెన్స్ పురావస్తు మ్యూజియంలో ఫ్రాన్స్వా కుండ అని ఒకటి ఉంది. క్రీ.పూ. 570 ప్రాంతానిది, ఎత్తు 66 సెంటీమీటర్లు. క్లైటియస్ బొమ్మలు వేశాడు, ఎర్గోటిమస్ కుండ చేశాడు, ఇద్దరూ సంతకాలు పెట్టారు. దాని మీద 250కి పైగా బొమ్మలు, వందకు మించి పేర్లు ఉన్నాయి. కథలన్నీ తెలిసిన జనానికే అన్ని పేర్లు రాసినప్పుడు, ఏమీ తెలియని పిల్లలకు మీరు ఎన్ని ఆనవాళ్ళు ఇవ్వాలో ఆలోచించండి. ఈ కుండను 1900లో మ్యూజియం కాపలాదారు ఒకడు కోపంలో స్టూలుతో కొట్టి 638 ముక్కలు చేశాడు. వాటిని మళ్ళీ ఒక్కటిగా అతికించారు. గడువు దగ్గరపడి బొమ్మలు చించేయాలనిపించినప్పుడు నాకు ఆ అతికించినవాళ్ళు గుర్తుకొస్తారు.

ఇక గడ్డాల సంగతి. ఈ బాధ మీ ఒక్కరిదే అనుకోకండి. గ్రీసులో ఆర్టెమిసియన్ అగ్రం దగ్గర సముద్రగర్భంలో 1926లోనూ 1928లోనూ ముక్కలుగా ఒక కంచు విగ్రహం దొరికింది. ఇప్పుడు ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది. రెండు మీటర్లకు పైగా ఎత్తు, కాళ్ళు ఎడంగా చాచి, ఎడమ చేయి ముందుకు పెట్టి, కుడి చేత్తో ఏదో విసరబోతున్న గడ్డపు దేవుడు. విసరబోయే ఆ వస్తువు మాత్రం దొరకలేదు. దాంతో ఆయన దేవతల రాజు జ్యూసా, పొసైడనా అని పండితులు ఇప్పటిదాకా వాదించుకుంటున్నారు. ఎక్కువమంది జ్యూస్ అంటారు. త్రిశూలమైతే దాని పొడవాటి కర్ర ముఖానికి అడ్డం వచ్చి బొమ్మ చెడేదన్నది వాళ్ళ వాదనల్లో ఒకటి. చిత్రకారుడి బుద్ధికి నచ్చే వాదన అది. గ్రీకు శిల్పకళలో మేటి అనిపించుకున్న విగ్రహాన్నే ముఖం చూసి పోల్చలేకపోతున్నారంటే, మీరు ముఖాలు వేరువేరుగా గీయడానికి రాత్రులు మేల్కొనడం వృథా. చేతిలో ఏముందో, పక్కన ఏ జంతువుందో, ఏ దుస్తులో ముందు తేల్చుకోండి. ఒక దేవుడికి ఒకసారి ఇచ్చిన గుర్తును పుస్తకం చివరి పేజీదాకా మార్చకండి.

జ్యూస్ చేతి పిడుగును దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఇక్కడ అందరూ తప్పు చేస్తారు. వంకరటింకర మెరుపు గీత గీసి చేతిలో పెడతారు. అది కరెంటు స్తంభం మీద ప్రమాద సూచిక గుర్తు. పాత గ్రీకు బొమ్మల్లో పిడుగు ఒక వస్తువు. మధ్యలో పిడికిలికి సరిపడే పట్టు, రెండు కొసలా తామర మొగ్గలా విచ్చుకునే జ్వాలలు. జ్యూస్ దాన్ని నడుమ పట్టుకుని, ఈటెలాగా భుజం మీదికి ఎత్తి విసురుతాడు. మన ఇంద్రుడి వజ్రాయుధాన్ని బౌద్ధ విగ్రహాల్లో చూసినవారికి ఆ ఆకారం వెంటనే పట్టుబడుతుంది. ఈ రెండు పురాణాల చుట్టరికం పేర్లలోనే ఉంది. వేదంలోని ద్యౌష్పితా, గ్రీకుల జ్యూస్ పాటేర్, రోమన్ల జూపిటర్ ఒకే పాత మాటకు పిల్లలు. అయినంత మాత్రాన జ్యూస్‌కు ఇంద్రుడి కిరీటం, భుజకీర్తులు తగిలించకండి. ఆ కాలపు బొమ్మల్లో ఆయన తల మీద ఉండేది ఆకుల దండో, సన్నని పట్టీయో. చేతిలో రాజదండం, దగ్గర్లో గద్ద.

పొసైడన్‌కు త్రిశూలం తప్పదు. దాన్ని శివుడి చేతి నుంచి తప్పించే ఉపాయం ఉంది. అది మొదట చేపలు పొడిచే పనిముట్టు. మొనలను మన త్రిశూలంలా వంపు తిప్పకుండా నిటారుగా, కొసల్లో గాలం ములుకులు పెట్టి గీయండి. కర్ర మనిషికి మించిన పొడవు ఉండాలి. రెండో చేతిలో ఒక చేపను తోక పట్టుకుని వేలాడదీయండి. కుండల మీద ఆయన నిజంగానే అలా చేప పట్టుకుని కనిపిస్తాడు. నా రెండో పుస్తకంలో ఇలా గీస్తే మళ్ళీ ఎవరూ పాము అడగలేదు.

హెర్మీస్ దండం దగ్గర కూడా జాగ్రత్త. రెండు పాములు చుట్టుకుని, పైన రెక్కలున్న దండం ఆయనది. వార్తాహరుడు, వర్తకులకూ దొంగలకూ దిక్కు. వైద్యదేవుడు అస్క్లేపియస్ కర్రకు ఒకటే పాము, రెక్కలు ఉండవు. 1902లో అమెరికా సైనిక వైద్యవిభాగం హెర్మీస్ దండాన్ని గుర్తుగా తీసుకున్నాక ఈ గందరగోళం లోకమంతా పాకింది. మన దగ్గర డాక్టర్ల కార్ల మీద కూడా రెండు పాములే కనిపిస్తాయి. పాత కుండల మీదైతే హెర్మీస్ దండం కొసన పైన విచ్చుకున్న ఎనిమిది అంకెలా ఉంటుంది. ఆయనకు వెడల్పు అంచు టోపీ, రెక్కల చెప్పులు కూడా ఇచ్చి, గడ్డం తీసేయండి. తొలి కాలపు కుండల మీద హెర్మీస్‌కూ, ద్రాక్షమద్యం దేవుడు డయొనైసస్‌కూ నిండు గడ్డాలే ఉండేవి. తరువాతి కళలో ఇద్దరూ కుర్రవాళ్ళయ్యారు. మీ పుస్తకంలో గడ్డాలు తగ్గించుకోవడానికి ఈ చరిత్ర పనికొస్తుంది. జ్యూస్, పొసైడన్, పాతాళపు రాజు హేడీస్ అన్నదమ్ములకు గడ్డాలు ఉంచండి. పొట్టి కుళ్ళాయి, పట్టకారు, సుత్తి ఉన్న కమ్మరి హెఫెస్టస్‌కు మాసిన గడ్డం ఉంచండి. మిగిలినవాళ్ళకు నున్నగా గీసేయండి.

దేవతల్లో అథీనా సులువు. శిరస్త్రాణం, ఈటె, రొమ్ము మీద అంచులకు పాములు వేలాడే కవచం, దాని నడుమ గోర్గాన్ అనే పాముజుట్టు రాక్షసి తల. గుడ్లగూబ ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. వేటదేవత ఆర్టెమిస్‌కు విల్లు, మోకాలి పైకి కట్టిన దుస్తులు, లేడి. అపోలోకు తంత్రీవాద్యం, లారెల్ ఆకుల దండ. పంటల దేవత డెమెటర్‌కు గోధుమ కంకులు, దివిటీలు. కష్టమంతా జ్యూస్ భార్య హెరాతోనే. కిరీటం, మేలిముసుగు తప్ప ప్రత్యేకంగా ఏమీ ఉండదు. ఇలియడ్ కవి హోమర్ ఆమెను పదేపదే ఆవుకన్నుల తల్లి అంటాడు. మనం మీనాక్షి అన్నంత ముద్దుగానే అన్నాడు, నవ్వకండి. నేను ఆ మాటనే పట్టుకుని ఆమెకు పెద్ద, నిదానమైన కళ్ళు గీస్తాను. నెమలిని కూడా పెడతాను. అది ఆమెకు తరువాత వచ్చిన గుర్తు. నెమలి పుట్టిల్లు మన దేశమే. ఇక్కడి నుంచి పడమరకు వెళ్ళి సామోస్ ద్వీపంలో హెరా గుడి దగ్గర స్థిరపడింది, అక్కడి నాణేల మీదికీ ఎక్కింది. కాబట్టి తెలుగు పిల్లలకు హెరా పక్కన నెమలి కనిపిస్తే అందులో మోసం లేదు.

దుస్తుల దగ్గర నేను చెప్పేది ఒకటే: గీసే ముందు కట్టి చూడండి. మంచం దుప్పటి ఒకటి, పిన్నీసులు రెండు, తాడు ఒకటి చాలు. దుప్పటి పై అంచును మూరెడు బయటికి మడవండి. ఆ మడతతో సహా మనిషి చుట్టూ చుట్టి, రెండు భుజాల మీద ముందు గుడ్డను వెనుక గుడ్డతో పిన్నీసు పెట్టి కలపండి. నడుముకు తాడు బిగించండి. ఇదే గ్రీకు ఆడవాళ్ళు కట్టుకున్న పెప్లోస్. ఇంట్లో ఎవరినైనా కిటికీ పక్కన నిలబెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. ఉన్నిగుడ్డ బరువుకు మడతలు రాతి స్తంభం మీది గాడుల్లా నిలువుగా పడతాయి, ఒక మోకాలు వంచితే అక్కడ మాత్రమే గుడ్డ నున్నగా అంటుకుంటుంది. కుట్టని గుడ్డ కాబట్టి మన చేయి అలవాటుగా చీర కుచ్చిళ్ళు గీస్తుంది. చీరకు మడతలు నడుము దగ్గర పుడతాయి, పెప్లోస్‌కు భుజాల దగ్గర పుడతాయి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే. పైన వేసుకునే హిమాటియన్ మన ఉత్తరీయానికి దగ్గరి చుట్టం, కాకపోతే ఇంకా పెద్దది, బరువైనది.

నగ్నత్వం గురించి మీరు అనవసరంగా భయపడుతున్నారు. మీరు చూసిన నగ్న దేవతల్లో చాలామంది చివరి కాలం శిల్పాల నుంచి, యూరప్ పునరుజ్జీవన చిత్రాల నుంచి వచ్చినవాళ్ళు. ప్రేమదేవత అఫ్రొడైటీని నిలువెత్తు నగ్న విగ్రహంగా మొదట చెక్కినవాడు ప్రాక్సిటెలీస్, క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో. అంతకుముందు ఆమె గ్రీకు కళలో నిండుగా బట్టలు కట్టుకునే కనిపిస్తుంది. బ్రిటిష్ మ్యూజియంలో తెల్లటి పూత మీద గీసిన ఒక పాత్ర లోపల ఆమె చక్కగా దుస్తులు ధరించి, ఒక పువ్వు పట్టుకుని, బాతు మీద కూర్చుని ఎగిరిపోతుంటుంది. పిల్లల పుస్తకానికి ఇంతకంటే ఏం కావాలి? ప్రచురణకర్త ఏమంటాడో అని ఆకులు, మబ్బులు అడ్డం పెట్టే అవస్థ మీకు అక్కర్లేదు. పాత కాలానికే వెళ్ళిపోండి.

ఇప్పుడు అసలు విషయం. కథలో ఏ క్షణాన్ని గీయాలి? 1766లోనే జర్మన్ విమర్శకుడు లెస్సింగ్ దీని గురించి రాశాడు. కథ తారస్థాయిని అందుకున్న క్షణాన్ని గీస్తే చూసేవాడి ఊహకు పని మిగలదనీ, దానికి కొంచెం ముందరి క్షణాన్ని పట్టుకోవాలనీ ఆయన మాట సారాంశం. క్రూరత్వం గురించిన మీ బెంగకు మందు ఇందులోనే ఉంది.

జ్యూస్ తండ్రి క్రోనస్ తన పిల్లల్ని మింగే కథ తీసుకోండి. ఆ పేరు వినగానే అందరికీ స్పెయిన్ చిత్రకారుడు గోయా తన ఇంటి గోడ మీద వేసిన బొమ్మ గుర్తుకొస్తుంది, ఇప్పుడది మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. రక్తం, తల తెగిన శరీరం. కానీ పాత గ్రీకు కవి హెసియడ్ చెప్పిన కథలో క్రోనస్ కొరకలేదు, నమలలేదు, గుటుక్కున మింగాడు. పిల్లలు లోపల బతికే ఉన్నారు, తరువాత బయటికి వచ్చారు. కథలో లేని రక్తాన్ని మీరెందుకు గీయాలి? చివరి బిడ్డ జ్యూస్ పుట్టినప్పుడు తల్లి రియా ఒక రాయిని పొత్తిగుడ్డల్లో చుట్టి భర్తకు అందిస్తుంది. గ్రీకు కుండల చిత్రకారులు ఎంచుకున్నది ఆ క్షణమే. ఆమె చేతులు చాపి మూట ఇస్తోంది, అతని చెయ్యి అందుకోబోతోంది. ఆ రెండు చేతుల మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచండి. మూట ఒక మూలన గుడ్డ తొలగి రాయి గరుకు కాస్త కనిపించాలి, అదీ చూసే పిల్లల వైపుకే. క్రోనస్‌కు తెలియనిది పాఠకుడికి తెలుస్తుంది. ఎనిమిదేళ్ళవాడు ఆ పేజీని త్వరగా తిప్పడు. ఆ రాయి అదేనని చెప్పుకునే ఒక రాయి డెల్ఫీలో ఉండేది. రెండో శతాబ్దపు యాత్రికుడు పౌసేనియస్ చూశాడు, రోజూ దానికి ఆలివ్ నూనె పోస్తారని రాశాడు. మన గుళ్ళో తైలాభిషేకం చూసిన పిల్లలకు ఈ సంగతి బొమ్మ కింద రెండు వాక్యాల్లో చెప్పమని రచయితను అడగండి.

డెమెటర్ కూతురు పెర్సెఫొనీని హేడీస్ ఎత్తుకుపోయిన కథకు మీరు వేసిన చిత్తుబొమ్మ గురించి రాశారు: హేడీస్ రథం, నేల చీలడం, అమ్మాయి కేకలు. అందరూ వేసే బొమ్మ అదే, పిల్లల పుస్తకానికి నాకు నచ్చనిదీ అదే. ఈ కథకు మూలం హోమర్ పేరుతో ఉన్న డెమెటర్ స్తోత్రం. దాన్ని చదివితే చిత్రకారుడికి ఇంకా గొప్ప బొమ్మలు దొరుకుతాయి. కూతురు మాయమయ్యాక డెమెటర్ ముసలమ్మ వేషంలో తిరిగి తిరిగి, ఎలూసిస్ ఊరి బయట కన్యల బావి దగ్గర ఆలివ్ చెట్టు నీడలో కూలబడుతుంది. రాజు కూతుళ్ళు నలుగురు కంచు బిందెలతో నీళ్ళకు వస్తారు. ముసలమ్మను పలకరిస్తారు. అమ్మతో చెబుతామని ఇంటికి పరుగెత్తుతారు, మళ్ళీ ఆమె కోసం పరుగెత్తుకొస్తారు. బండ్లు నడిచి గాడి పడిన దారిలో, దుస్తుల అంచులు చేత్తో ఎత్తిపట్టుకుని, కుంకుమపువ్వు రంగు జుట్టు భుజాల మీద ఎగురుతుండగా. ఇంత స్పష్టంగా కవి రాసిపెడితే మనం గీయడమొక్కటే మిగిలింది.

అయితే నేను ఎంచుకునేది ఆ తరువాతి క్షణం. అమ్మాయిలు ముసలమ్మను ఇంటికి తీసుకొస్తారు. లోపల రాణి మెటనైరా స్తంభం పక్కన పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నల్లటి దుస్తులు, తల మీద ముసుగుతో ముసలమ్మ గడప మీద కాలు పెడుతుంది. అంతే, ఆమె తల పైకప్పు దూలానికి తగులుతుంది, ద్వారమంతా దివ్యమైన వెలుగుతో నిండిపోతుంది. రాణి ముఖం పాలిపోతుంది, కూర్చున్న చోటి నుంచి లేచి నిలబడి ఆ చోటు అతిథికి ఇస్తుంది. ఎవరో ఆమెకు తెలియదు. పెద్దావిడ ఎవరో వచ్చిందని మాత్రం ఒంటికి తెలిసింది.

ఈ బొమ్మను నేను మూడుసార్లు వేసి రెండుసార్లు చింపాను. మొదట బయటి నుంచి వేశాను, డెమెటర్ వీపు కనిపించేలా. వెలుగు ఎక్కడిదో అర్థం కాలేదు. రెండోసారి లోపలి నుంచి వేసి, ఆమె తల వెనుక మన దేవుళ్ళ పటాల్లోలాగా వెలుగు వలయం పెట్టాను. క్యాలెండర్ బొమ్మ అయింది. మూడోసారి చూపును కిందికి దించాను, నేల మీద కూర్చున్న పిల్ల కంటి ఎత్తుకు. అప్పుడు గుమ్మం పేజీలో మూడొంతులు ఆక్రమించింది. డెమెటర్‌ను దాదాపు నల్లటి నీడగా ఉంచాను, తల దూలాన్ని తాకుతోంది. ఆమె చుట్టూ ద్వారంలో రంగు వేయకుండా కాగితపు తెలుపును వదిలేశాను. లోపలి గది అంతా ముదురు గోధుమ రంగు. రాణి సగం లేచింది, ఒక చేత్తో బిడ్డను అదుముకుంది. కూతుళ్ళలో చిన్నది మాత్రం ఏమీ గమనించకుండా బిందె దింపుకుంటోంది. ఆ చిన్నపిల్లను చేర్చాకే బొమ్మకు ప్రాణం వచ్చింది. దేవత గొప్పతనం ఆమె ముఖంలో చూపించబోయినంతకాలం నాకు కుదరలేదు. దూలంలో, రాణి మోకాళ్ళలో, ఆ తెలుపులో కుదిరింది.

పరిమాణంతో దైవత్వాన్ని చెప్పడం గ్రీకులకు బాగా అలవాటైన పద్ధతి. ఇలియడ్‌లో వీరుడు అకిలీస్ డాలు మీది బొమ్మల వర్ణనలో యుద్ధదేవుడు ఏరీస్, అథీనా బంగారంతో, పెద్దగా ఉంటారనీ, చుట్టూ ఉన్న మనుషులు చిన్నగా ఉంటారనీ కవి చెబుతాడు. ఏథెన్స్‌లోని పార్థినాన్ గుడి చుట్టూ చెక్కిన ఊరేగింపులో దేవుళ్ళు కూర్చుని ఉంటారు, మనుషులు నిలబడి ఉంటారు, తలలు మాత్రం ఒకే ఎత్తులో ఉంటాయి. లేచి నిలబడితే ఏమవుతారో మనకే వదిలేశారు.

హింసను దాటేసి ప్రశాంతమైన క్షణాన్ని పట్టుకున్నవాళ్ళలో నాకు గురువు ఏథెన్స్ కుండల చిత్రకారుడు ఎక్సేకియస్. క్రీ.పూ. 530 ప్రాంతంలో మద్యం తాగే పాత్ర లోపల ఆయన వేసిన బొమ్మ ఇప్పుడు మ్యూనిక్‌లో ఉంది. డయొనైసస్‌ను రాజకుమారుడనుకుని సముద్రపు దొంగలు ఎత్తుకుపోతారు. కట్టిన తాళ్ళు జారిపోతాయి, తెరచాప మీదికి ద్రాక్షతీగ పాకుతుంది, దేవుడు సింహమవుతాడు, దొంగలు భయంతో నీళ్ళలోకి దూకి డాల్ఫిన్లయిపోతారు. ఇందులో ఎన్ని బొమ్మలకు సరిపడే హడావుడి ఉందో చూడండి. ఎక్సేకియస్ అదంతా వదిలేశాడు. పడవలో దేవుడు తీరిగ్గా పడుకుని ఉన్నాడు, పైన ద్రాక్షగుత్తులు ఏడు, చుట్టూ డాల్ఫిన్లు ఏడు. అలలు లేవు, గట్టు లేదు, పగడపు ఎరుపు పూత తప్ప. పాత్రలో మద్యం తగ్గేకొద్దీ తాగేవాడికి ఈ బొమ్మ అడుగు నుంచి తేలుతుంది. కాగితం మీద అంత చమత్కారం మనకు సాధ్యం కాదు, కానీ రెండు పేజీల బొమ్మలో అంత ఖాళీ వదిలే ధైర్యం చేయవచ్చు. తెలుగు అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య చోటు ఎక్కువ కావాలి. ఖాళీ వదిలితే పేజీలు కూర్చేవారు కూడా మిమ్మల్ని దీవిస్తారు. డయొనైసస్‌ను మాత్రం పేజీలు కలిసే మధ్య మడతలో పెట్టకండి. నేను ఒకసారి పెట్టాను, పుస్తకం కుట్టాక ఆయన ముక్కు కనిపించలేదు.

మన పద్ధతిలో గీయవచ్చా అని అడిగారు. గీత మనదైతే తప్పులేదు, నగలు మనవైతే తప్పు. గ్రీకుల నల్లబొమ్మల పద్ధతిలో ఎర్రమట్టి కుండ మీద మనిషిని నల్లని నీడగా నింపి, కళ్ళు, కండరాలు, బట్టల అంచులు సూదిమొనతో గీకి తీసేవారు. ఆడవాళ్ళ ఒంటికి తెల్లరంగు వేసేవారు. క్రీ.పూ. 530 తరువాత దీన్ని తిరగేశారు. నేపథ్యం నల్లగా నింపి, మనుషుల్ని మట్టిరంగులో వదిలి, లోపలి గీతలు కుంచెతో గీశారు. మొదటి పద్ధతి చూసినప్పుడల్లా నాకు మన తోలుబొమ్మలు గుర్తుకొస్తాయి. నిమ్మలకుంట కళాకారులు తోలుకు చిల్లులు పొడిచి వెలుగుతో నగలు గీస్తారు, ఏథెన్స్‌వాళ్ళు నలుపును గీకి మట్టితో గీశారు. రెండు చోట్లా పక్కచూపు ముఖాలే ఎక్కువ. మీ చేతికి తోలుబొమ్మ గీత అలవాటుంటే దాంతో నిరభ్యంతరంగా గీయండి.

పక్కచూపులో ఒక సూక్ష్మం ఉంది. గ్రీకు కుండల మీద దాదాపు అందరూ పక్కకు చూస్తుంటే, మెడూసా లాంటి గోర్గాన్ మాత్రం నేరుగా మన వైపు చూస్తుంది. పళ్ళు బయటపెట్టి, నాలుక చాపి. ఆమెను చూసినవాడు రాయి అవుతాడు కదా, అందుకే ఆ చూపు మనకు తగలాలి. మీ పుస్తకమంతా పక్కచూపులతో నడిపి, మెడూసా పేజీలో ఒక్కసారి ముఖం తిప్పించండి. రక్తం చుక్క అక్కర్లేకుండా పిల్లలు జడుసుకుంటారు, నవ్వుకుంటారు, మళ్ళీ ఆ పేజీకే వస్తారు.

నలుపు తెలుపు గీతలే కావాలంటే ఇంగ్లండ్ శిల్పి జాన్ ఫ్లాక్స్‌మన్ రోములో ఉండి హోమర్ కావ్యాలకు వేసిన బొమ్మలు చూడండి, 1793లో అచ్చయ్యాయి. నీడలు లేకుండా ఉత్త రేఖ. నాకు కాస్త చల్లగా అనిపిస్తాయి గానీ, తక్కువ గీతలతో గుంపును ఎలా పేర్చాలో నేర్పుతాయి. రంగులే కావాలంటే పాలరాతి తెలుపు మరిచిపోండి. ఆ విగ్రహాలు చేసిన నాడు ఎరుపు, నీలం, పసుపు రంగులతో మెరిసేవి, కాలం వాటిని కడిగేసింది. జర్మన్ పరిశోధకుడు బ్రింక్‌మన్ బృందం ఆ రంగుల జాడలు వెతికి తయారుచేసిన నమూనాలను 2003లో మ్యూనిక్‌లో ప్రదర్శించినప్పుడు చూసినవారు కంగుతిన్నారు. మన గాలిగోపురాలు చూసి పెరిగిన మనకు అంత ఆశ్చర్యం ఉండదు.

నేపథ్యం గురించి క్లుప్తంగా. రాళ్ళ కొండలు, ఆలివ్, అంజూర, సైప్రస్ చెట్లు, గట్టి ఎండ. చేయి తిరిగిన అలవాటుతో కొబ్బరిచెట్టు పడుతుందేమో చూసుకోండి. ప్రతి దేవుడి వెనుకా పార్థినాన్ నిలబెట్టకండి, దాని నిర్మాణం క్రీ.పూ. 447లో గానీ మొదలు కాలేదు. మెటనైరా ఇంటికి మట్టిగోడలు, కొయ్య స్తంభాలు చాలు. రచయిత రాతలో వీనస్, జూపిటర్ లాంటి రోమన్ పేర్లు కలిసిపోయి ఉంటే ఇప్పుడే చెప్పి మార్పించండి, లేకపోతే అఫ్రొడైటీ పక్కన బొద్దు బుగ్గల బుల్లి రెక్కలవాడిని గీయమంటారు. తొలి గ్రీకుల ప్రేమదేవుడు ఎరోస్ రెక్కలున్న యువకుడు.

పాత కుండల ఫొటోలు కావాలంటే న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి తన దగ్గరున్న లక్షల ఫొటోలను ఎవరైనా వాడుకునేలా ఉచితంగా పెట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లోని బీజ్లీ సంగ్రహంలో దేవుడి పేరుతో వెతికితే కుండలు వరుసగా వస్తాయి. సినిమాల నుంచి, వీడియో గేముల నుంచి మాత్రం ఏమీ తీసుకోకండి. హక్కుల గొడవ ఒకటి, అందులోని పిడుగులన్నీ కరెంటు స్తంభం పిడుగులే కావడం రెండోది.

ఆఖరిగా మీరు అడిగిన హేడీస్ కుక్క కెర్బెరస్. దానికి తలలు ఎన్ని అంటే ఎవరిని అడుగుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. హెసియడ్ యాభై అన్నాడు, పాపం ఆయన గీయనక్కర్లేదు కదా. ఏథెన్స్ కుండలవాళ్ళు చాలాసార్లు రెండుతో సరిపెట్టారు. మీ రచయిత మూడు అని రాశాడు కాబట్టి మూడే గీయండి. పారిస్ లూవ్ర్ మ్యూజియంలోని ఒక నీళ్ళ కుండ మీది బొమ్మ వెతికి చూడండి, ఇటలీలో క్రీ.పూ. 525 ప్రాంతంలో చేసినది. మూడు తలలూ మూడు రంగులు, మెడల మీద, ముట్టెల మీద బుసకొట్టే పాములు. వీరుడు హెరాక్లీస్ దాన్ని గొలుసుతో రాజు యూరిస్థియస్ ముందుకు లాక్కొచ్చాడు. కుక్కను పట్టి తెమ్మని ఆజ్ఞాపించిన ఆ రాజుగారు ధాన్యపు గాదెలాంటి పెద్ద కుండలో దూరి, రెండు చేతులూ పైకెత్తి కేకలు పెడుతున్నాడు.